నొప్పికి వేళ కలదు

రాజమహేంద్రవరము.

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. వైద్యవిద్యలో వార్డులకు పోవుట మొదలిడిన పిదప నీవు వ్రాసిన తొలి జాబులోనే ఇంత మంచి ప్రశ్న ఉండుట నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. పార్కిన్సను వ్యాధిగ్రస్తుడైన ఒక వృద్ధుని చేతివణుకును, కీళ్ల బిగువును, నడకను మీరు వరుసగా పరీక్షించి వ్రాసికొనుచుండగా, ఆయన మాత్రము “వణుకు సంగతి అలా ఉంచండమ్మా, ఈ కాలు గుంజుడు తగ్గితే చాలండి” అని బ్రతిమాలెననియు, మీలో ఒకరు అది వయసు నొప్పి అని సమాధానపరచిరనియు వ్రాసి, చలనమునకు సంబంధించిన వ్యాధికిని నొప్పికిని పొత్తు ఏమని నన్నడిగితివి. పొత్తు కలదు. అది పైపైని పొత్తు కాదు. దేహమును కదలించు నాడీమండలమే, దేహమునుండి వచ్చు బాధ ఎంత గట్టిగా మనకు వినబడవలెనో నిర్ణయించునది కూడ. ఆ మండలము చెడినప్పుడు రెండు పనులును చెడును. ఈ ఒక్క మాట నీ మనసున నాటుటకే ఈ జాబు కొంత దీర్ఘముగా వ్రాయుచున్నాను.

ఈ పొత్తు చిరకాలము మరుగుపడుటకు హేతువు వెదకబోయినచో, ఆ వ్యాధికి తన పేరు మిగిల్చిపోయిన వైద్యుని గ్రంథమునొద్దకే పోవలసివచ్చును. లండను నగరమున జేమ్సు పార్కిన్సను 1817లో ప్రకటించిన చిన్న పుస్తకము ఆరుగురు రోగుల వృత్తాంతముపై నిలిచినది. వారిలో కొందరిని ఆయన వీథిలో నడచిపోవుచుండగా చూచినవాడే గాని దగ్గర కూర్చుండబెట్టి పరీక్షించినవాడు కాడు. అయినను వణుకును, ముందుకు వంగిన మేనును, పరుగుగా మారు నడకను ఆయన వర్ణించిన తీరు నేటి విద్యార్థికిని ఆదర్శప్రాయమే. కాని వ్యాధిని నిర్వచించుచు ఇంద్రియములకును బుద్ధికిని ఇందు హాని కలుగదని ఆయన వ్రాసెను. ఆ ఒక్క వాక్యము తరువాతి తరముల దృష్టిని చేష్టల వైపే త్రిప్పివైచినదని నా అభిప్రాయము. మన తెలుగునాట వైద్యులు తరతరములుగా చేతపట్టిన బసవరాజీయమను వైద్యగ్రంథమున కంపవాత లక్షణములు చెప్పినచోట అరచేతులయందును అరికాళ్లయందును కలుగు కంపముతోపాటు దేహబాధయు, నిద్ర చెడుటయు, మతి క్షీణించుటయు కలిపి చెప్పబడినవి. ప్రాచీనులు సర్వము ఎరుగుదురని నేననను. వారికి మెదడులోని కణముల సంగతి తెలియదు. అయినను రోగి చెప్పునది మొత్తము విని వ్రాసిన గుణమును మనము వారియొద్ద నేర్చుకొనదగును. ఇటీవలి పరిశోధనలు చూడగా పార్కిన్సను రోగులలో నూటికి 40 మొదలు 85 మంది వరకు నొప్పితో బాధపడుచున్నట్లు తేలినది. అంకెలలో ఇంత అంతరము ఉండుటకు కారణము, నొప్పిని అడుగు తీరు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగా ఉండుటయే. అడుగనివారికి తక్కువ కనబడును.

ఇక కండరము సంగతి. మొదట అచటనే ఆరంభించవలెను. ఏలననగా నొప్పిలో కొంత భాగము నిజముగా అచటనే పుట్టును. కండరము ముడుచుకొనుటకు శక్తి కావలెనని అందరును ఎరుగుదురు. సడలుటకును శక్తి కావలెనని పలువురు ఎరుగరు. ముడిపడిన పోగులు విడివడవలెనన్న ఏ.టి.పి. అను అణువు వచ్చి తగులుకొనవలెను. అది అడుగంటుటచేతనే ప్రాణముపోయిన దేహము కట్టెవలె బిగిసిపోవును. ఈ అణువును 1929లో ప్రపంచమునకు వెల్లడించినవారిలో ఒకడు, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కూడి, అంతకు రెండేండ్ల మునుపే కండరములలోని ఫాస్ఫోక్రియాటినును కనుగొనిన ఆ మహనీయుని పేరు మీ పాఠ్యపుస్తకమున ఒక మూల కనబడునో లేదో గాని, నీవు మాత్రము ఆ పుట చదువునప్పుడెల్ల ఆయనను తలచుకొనుము. పార్కిన్సను వ్యాధిలో గాని, డిస్టోనియా అను కండరముల వంకరబిగువులో గాని పోగులు గంటలతరబడి సడలక పనిచేయుచుండును. రక్తము వాని మధ్య సరిగా పారదు. అలసి నలిగిన కణములనుండి ఏ.టి.పి. వెలికి చిందును. అట్లు చిందిన ఏ.టి.పి.ని అందుకొని నొప్పి వార్త పంపు గ్రాహకములు సన్ననాడుల కొనలపై కలవని 1990ల నాటి పరిశోధనము స్థాపించినది. లోపల ఉన్నంతవరకు కండరమును సడలించిన వస్తువే వెలుపల పడగానే నొప్పి కొరకు పిలుపు అగుచున్నది.

అయినచో నొప్పియంతయు బిగువునుండియే పుట్టునా? కాదని చెప్పుటకు మెడ డిస్టోనియా చక్కని నిదర్శనము. 1991లో అమెరికా వైద్యులు 266 మంది మెడ డిస్టోనియా రోగులను పరిశీలించి నూటికి 75 మందికి నొప్పి కలదని వ్రాసిరి. అదే జాతి వ్యాధి కనురెప్పలకు వచ్చి కన్నులు మూతలు పడునప్పుడు గాని, వ్రాతగాండ్రకును వైణికులకును వచ్చి వ్రేళ్లు మెలికలు తిరుగునప్పుడు గాని, బిగువు ఎంత ఉన్నను నొప్పి సాధారణముగా అంతగా ఉండదు. మెడలో కండరమును సడలించు బోటులినమ్ సూది వేసిన పిదప వంపు పూర్తిగా సరిగాకమునుపే నొప్పి తగ్గుటయు గమనింపబడినది. బిగువును కొలిచి నొప్పిని లెక్కకట్టుట సాధ్యము కాదని దీనివలన తేలుచున్నది. మిగిలిన లెక్క వెన్నుపామునందును మెదడునందును ఉన్నది.

ఆ లెక్క ఎట్టిదో ఇప్పుడు సావధానముగా వినుము. చర్మమునుండి, కండరమునుండి, కీలునుండి వచ్చు సన్ననాడులు వెన్నుపాము వెనుకకొమ్మున ప్రవేశించి అచట తమ వార్తను మరియొక కణమునకు అప్పగించును. ఆ అప్పగింత యాంత్రికమైనది కాదనియు, అచట ఒక ద్వారము వంటి ఏర్పాటు ఉండి కొన్ని వార్తలను పోనిచ్చి కొన్నింటిని నిలుపుననియు మెల్జాక్, వాల్ అను ఇరువురు 1965లో ప్రతిపాదించిరి. వారి చిత్రములోని వివరములు పిమ్మట మారినవి గాని మూలభావము నిలిచినది. నాలుగేండ్లకు రేనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు ఎలుక నడిమెదడులో బూడిదవర్ణపు ప్రాంతమొకదానిని విద్యుత్తుతో ప్రేరేపించి, మత్తుమందు లేకయే దానికి ఉదరశస్త్రచికిత్స చేయగలిగెను. అనగా మెదడు నొప్పిని వినునది మాత్రమే కాదు, క్రిందికి ఆజ్ఞలు పంపి దానిని అణచునది కూడ. మన డెల్టాలో పుట్టినదానవు గనుక ఒక పోలిక చెప్పెదను: ధవళేశ్వరమున తలుపులు ఎంత ఎత్తిరి అనుదానిని బట్టియే కదా దిగువ చేలకు నీరు చేరుట, చేనిలో నీరు నిండి పైరు మునుగుచున్నప్పుడు బోదె గట్టును మాత్రమే చూచి లాభము లేదు, ఎగువ ఏమి జరుగుచున్నదో కనుగొనవలెను.

పార్కిన్సను వ్యాధిలో చెడునది ఈ ఎగువ ఏర్పాటే. జర్మనీ దేశీయుడైన బ్రాక్ అను శరీరశాస్త్రవేత్తయు ఆయన సహచరులును 2003లో ప్రకటించిన వ్యాసమున, ఈ వ్యాధికి మూలమైన ఆల్ఫా సైన్యూక్లిన్ అను ప్రోటీను ముద్దలు మొట్టమొదట కనబడునది చేష్టలను నడుపు నల్లనికేంద్రమున కాదనియు, మెదడుకాండమునందే అంతకంటె క్రింది భాగమున అనియు చూపిరి. నారడ్రినలినును వెదజల్లు నీలికేంద్రమును, సెరటోనినును పంపు మధ్యరేఖా కణములును ఆ తొలి దశలలోనే దెబ్బతినును. ఇవియే వెన్నుపామునకు దిగి నొప్పిని అణచు దారులకు పుట్టిళ్లు. హైపోథాలమస్ నుండి వెన్నుపామునకు దిగు డోపమైను దారియు నొకటి కలదు. ఈ క్రమము అందరు రోగులయందును ఒక్క తీరుననే సాగునని చెప్పరాదు. కాని వణుకు కనబడుటకు ముందే నొప్పి, మలబద్ధకము, నిద్రలో కలవరింతలు, వాసన తెలియకపోవుట పలువురిలో వచ్చుటకు ఇది సమంజసమైన సమాధానము. భుజము పట్టివేసినదని, చేయి పైకెత్తలేకున్నానని నెలలతరబడి కాపడము పెట్టుకొని, లేపనములు రాచుకొని, కీళ్లవాతమునకు మందులు వాడి, ఒకటి రెండేండ్లకు గాని ఆ చేతి వణుకు బయటపడనివారిని నా వైద్యవృత్తిలో తరచుగా చూచితిని. వారి నొప్పియు ఏ వైపున మొదలైనదో ఆ వైపుననే తరువాత వణుకు వచ్చుట సాధారణము. నడుచునప్పుడు ఒక చేయి ఊగక ప్రక్కకు అంటుకొనియున్నదా అని ఒక్కమారు చూచినచో ఆ కాలమంతయు కలిసివచ్చునుగదా అని ఇప్పటికిని నాకు బాధ కలుగును.

నొప్పి వార్త మెదడు చేరిన పిమ్మట దానికి రెండు పనులున్నవి: ఎచట, ఎంత అని తెలియుట ఒకటి, అది ఎంత దుర్భరమో అనుభవించుట మరియొకటి. రెండవదానికి ఇన్సులా, సింగులేటు అను ప్రాంతములు ముఖ్యస్థానములు. చేష్టలను నడుపు బేసల్ గాంగ్లియా వీనితో గట్టి సంబంధము కలవి. 2005లో ఫ్రాన్సు పరిశోధకులు, ఏ నొప్పియు లేదని చెప్పిన పార్కిన్సను రోగులనే ఎంచుకొని, మందు లేని సమయమున చలివలన కలుగు నొప్పిని పరీక్షించిరి. ఆరోగ్యవంతులకంటె వారు తొందరగా నొప్పి అని చెప్పిరి. ఆ సమయమున మెదడు చిత్రములలో ఇన్సులా మొదలైన ప్రాంతములు అధికముగా వెలిగినవి. డోపమైను లోటు తీర్చు లెవోడోపా అను మందు ఇచ్చిన పిదప వారి సహనము పెరిగినది, ఆ వెలుగు తగ్గినది. ఆరోగ్యవంతులకు అదే మందు ఇచ్చినను మార్పు లేదు. డోపమైను తగ్గినప్పుడు నొప్పి గడపయే క్రిందికి దిగునని దీని తాత్పర్యము. మరియొక సంగతి నన్ను చిరకాలము ఆలోచింపజేసినది. 2001లో కెనడా శాస్త్రజ్ఞులు మందు అని చెప్పి ఉప్పునీరు ఎక్కించినను, ఉపశమనమును ఆశించిన పార్కిన్సను రోగుల మెదడులో డోపమైను విడుదలయగుట చిత్రములలో చూపిరి. నీవు రోగితో మాటలాడు తీరు అతని నాడీమండలమున రసాయనమై పనిచేయును. కనుక ‘ఇది వయసు నొప్పి, భరించవలసినదే’ అని ఎన్నటికిని అనకుము.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి నొప్పి ఒక్క రకమే అయినట్లు తోచవచ్చును, కాదు. బిగిసిన భుజమునను నడుమునను ఉండు సలుపు ఒకటి. వంగిన వెన్ను వలన నాడి మొదలు ఒత్తుకొని తొడనుండి పిక్కకు ప్రాకు పోటు ఒకటి. చూచుటకు ఏ కారణమును కనబడక నోటిలోనో పొట్టలోనో ఒక ప్రక్క దేహమంతటనో మండిపోవు బాధ ఒకటి. కూర్చున్నచోట నిలువనీయని అశాంతి ఒకటి. వీనిని నేను తొందరగా దాటిపోవుచున్నాను. నీవు వార్డులో చూచినకొద్దీ తెలియును. నీవు వ్రాసిన వృద్ధుని గుంజుడు మాత్రము వేరు రకము, దానిని నిదానముగా చూడవలెను.

కోనసీమ లంకగ్రామమునుండి నాయొద్దకు వచ్చుచుండిన ఒక రైతు సంగతి చెప్పెదను. ఆయన రాత్రి తొమ్మిది గంటలకు చివరి మాత్ర వేసికొనును. తెల్లవారుజామున, ఇంకను చీకటి విడవకమునుపే, ఎడమకాలి బొటనవ్రేలు తనంత తాను పైకి లేచును. మిగిలిన వ్రేళ్లు అరికాలి వైపు ముడుచుకొనును. పాదము లోపలికి తిరిగి మడమ నేలకు ఆనదు. పిక్క రాయివలె అగును. భార్య పాదము పట్టుకొని ఎంత చదునుచేయబోయినను అది వంగదు. మొదటి మాత్ర వేసికొనిన ముప్పావుగంటకో గంటకో వ్రేళ్లు ఒక్కొక్కటిగా విడివడి, నొప్పి దానంతట అదే పోవును. ఇది కాలిలో పుట్టిన వ్యాధి కాదు. రాత్రియంతయు మెదడులో డోపమైను సన్నగిల్లి ఉదయమునకు అడుగంటుటవలన కలుగు డిస్టోనియా. ఇట్టివారికి నొప్పిమాత్ర ఎన్ని ఇచ్చినను ఫలము స్వల్పము. రాత్రి మందు ఏర్పాటు మార్చుట, ఉదయపు మోతాదు ముందుకు జరుపుట, అవసరమైనచో పిక్కలో బోటులినమ్ వేయుట సరియైన దారి. దీనిని గుర్తించుటకు యంత్రమేదియు అక్కరలేదు; గడియారమును మాత్రము అడుగవలెను. నొప్పికి వేళ కలదు. ఆ వేళ మాత్ర వేళతో ఎట్లు కూడుచున్నదో తెలిసినచో సగము నిర్ణయము అయినట్లే.

మందు వేళ అనగా గుర్తువచ్చినది. లెవోడోపా ఒక అమైనో ఆమ్లము. పప్పు, పెరుగు, చేప మొదలైన మాంసకృత్తుల ఆహారమునుండి వచ్చు అమైనో ఆమ్లములతో ప్రేగునందును, మెదడు ద్వారమునందును అది పోటీపడవలసియుండును. చేపల పులుసుతో కడుపునిండ భుజించిన వెంటనే మాత్ర వేసికొనినవానికి ఆ పూట మందు మెదడు చేరుట ఆలస్యమై, బిగువుతోపాటు నొప్పియు మరలివచ్చును. అట్టివారికి భోజనమునకు అరగంట ముందు వేసికొనుమని చెప్పుట మేలు. ఈ లెవోడోపాయే మన పొలముగట్లపై ప్రాకు దూలగొండి గింజలలో కలదని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. అప్పటికి అది ఏ వ్యాధికి పనికివచ్చునో ఎవరికిని తెలియదు. పార్కిన్సను రోగుల మెదడులో డోపమైను లోపించినదని వియన్నాలో హార్నికీవిచ్ 1960లో కనుగొనిన పిమ్మట గాని దాని విలువ బయటపడలేదు. కాయపై నూగు తగిలినప్పుడు ఒళ్లంతయు దురదపెట్టుట నీవును చిన్ననాడు అనుభవించితివి. ఆ దురదను కలిగించు రసాయనమును 1955లో షెల్లీ, ఆర్థర్ పరిశోధించిన తరువాత దురద నాడులను గూర్చిన శాస్త్రమునకు అది ఒక సాధనమైనది. ఒకే తీగ గింజ చలనమును గూర్చియు, నూగు సన్ననాడులను గూర్చియు మనకు పాఠము చెప్పుచున్నది. అయినను అంగడిలో దొరకు దూలగొండి పొడిని స్వయముగా మ్రింగువారిని వారింపుము: అందు లెవోడోపా ఎంత ఉన్నదో పొట్లమునకు పొట్లమునకు మారును, మాత్రతో కలిసినచో మోతాదు మించి వాంతియు, పిచ్చికదలికలును రాగలవు.

మన పల్లెలలో ఇంకొక ఆపద కలదు. నొప్పి అనగానే ఊరిలోని ఆర్.ఎం.పి. వైద్యుని యొద్దకు పోయి సూది వేయించుకొనుట, దానితోపాటు వికారము రాకుండ మెటోక్లోప్రమైడు వంటి మందును వేయించుకొనుట పరిపాటి. నొప్పిమాత్రలు నెలలతరబడి వాడిన వృద్ధుల మూత్రపిండములును కడుపును చెడును. మెటోక్లోప్రమైడు మెదడులో డోపమైను పనిని అడ్డగించి బిగువును పెంచును. నొప్పికని పోయినవాడు నొప్పికి మూలమైన దానిని పెంచుకొని వచ్చుచున్నాడు. తలతిరుగుడుకు ఇచ్చు సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడ ఈ కోవలోనివే. రోగి సంచిలోని మాత్రల పట్టీలన్నియు బల్లపై పరపించి ఒక్కొక్కటి పేరు చదువుట చిన్నతనమని ఎన్నడును అనుకొనకుము. నేనెరిగిన మంచి వైద్యులందరును ఆ పని చేసినవారే.

వ్యాయామమును తేలికగా చూడకుము. క్రమముగా నడచుట, వెన్ను నిటారుగా నిలుపు అభ్యాసము, భుజములు తిరుగునట్లు చేయు కదలిక వీనివలన కీళ్లు బిగియకుండుటయే గాక, నొప్పిని అణచు దారులును మేలుకొనును. నాట్లలోను కోతలలోను ఆయుష్షు గడిపినవారికి ‘వ్యాయామము’ అనుమాట నచ్చదు. గోదావరి గట్టున ఉదయము సాయంత్రము నడువుమని, తోడుగా ఒక మనుమనిని పంపుమని చెప్పినచో విందురు. దిగులు, నిద్రలేమి నొప్పిని రెట్టింపు చేయును గనుక వానిని ప్రత్యేకముగా అడిగి వైద్యము చేయించుము. వృద్ధులు దిగులని తమంత తాము చెప్పరు.

కావున రేపు నీవు ఆ వృద్ధుని మంచమునొద్దకు మరల పోయి, కుర్చీ దగ్గరకు లాగుకొని కూర్చుండి, వణుకును పరీక్షించుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుము: నొప్పి ఎచట, ఏ వేళ మొదలగును, మాత్ర వేసికొనిన ఎంతసేపటికి తగ్గును, మరల ఎప్పుడు వచ్చును, ఏ వైపు ఎక్కువ, రాత్రి నిద్రపట్టునా. మూడు దినములు ఆయన భార్యచేతనో కుమారునిచేతనో ఒక కాగితముపై మాత్ర వేళలు, భోజనవేళలు, గుంజుడు వేళలు ప్రక్కప్రక్కన వ్రాయించుము. ఆ కాగితమును మీ గురువుగారికి చూపి, కాలు ఉదయము ఎట్లు తిరుగుచున్నదో నీ కన్నులతో తెల్లవారుజామున ఒకమారు చూచి, ఆ వివరములన్నియు నాకు వ్రాయుము. మోతాదు ఎట్లు మార్చిరో, ఆయన కాలు ఎన్ని దినములకు ఊరట చెందినదో కూడ తప్పక తెలియజేయుము.

ఇట్లు ఆశీర్వదించుచు,
తాతయ్య